బిస్కెట్ల డబ్బాకు నల్లదారం

అక్కా,

నేను దొంగచాటుగా తీపి తింటున్నానని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. అమ్మ బిస్కెట్ల డబ్బాకు నల్లదారం కట్టి, ముడి ఎటు తిరిగిందో కూడా గుర్తుపెట్టుకుంటోంది. ఆ ఉపాయం నీదేనని నా అనుమానం. ఆదివారం నువ్వు ఫోను పెట్టేశాకే అమ్మ కుట్టుసామాను డబ్బా వెతికింది.

నిన్న నా షుగరు రెండొందల నలభై. దారం మాత్రం కదల్లేదు. అమ్మకు అదే చూపిస్తే, "అయితే బయట మెక్కి ఉంటావులేవే" అంది. నాన్న పేపరు చాటున నవ్వారు.

షుగరు రాసే నోటుబుక్కులో నేను ఇంట్లో ఎవరికీ చూపించని వరస ఇంకొకటుంది. లైబ్రరీలో పై అరలు సర్ది, కుడి భుజం బాగా పీకిన రోజులవి. ఆరు నెలలుగా ఇదే నొప్పి. చెబితే ఉద్యోగం మానిపిస్తారని దాచాను. షుగరు పెరిగిన రోజులు దాదాపు అన్నీ అవే. రక్తం తీసే నర్సుకు చూపిస్తే, "నొప్పి కూడా షుగరును పెంచుతుందమ్మాయ్, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?" అని కసిరింది.

ఫోనైతే అమ్మ వింటుందని ఉత్తరం రాస్తున్నాను. చదవగానే నువ్వే అమ్మకు చెప్పేస్తావనీ తెలుసు. చెప్పు. సోమవారం భుజం చూపించుకోవడానికి ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఉద్యోగం మానను.

నీ చెల్లెలు