నా ఎముకలూ మా అత్తగారి ఎముకలూ

జూన్ 4

చెయ్యి విరిగింది. ఎడమ చెయ్యి, మణికట్టు దగ్గర. మంటల్లోకి దూకి కాదు, నిచ్చెన మీంచి పడి కాదు. బాత్రూమ్‌లో కాలు జారితే గోడకు చెయ్యి ఆనించాను, అంతే. ఫైర్ స్టేషన్‌లో ఈ మాట చెప్పడానికి సిగ్గేసింది. ఒంట్లో బాగాలేదని సెలవడిగాను.

జూన్ 11, ఉదయం

బరువు తగ్గే ఆపరేషన్ అయి ఏడాది దాటింది. ఒళ్ళు పెరిగిపోయిందని నన్ను ఫైరింజన్ మీంచి దించి, కంట్రోల్ రూమ్‌లో ఫోన్లెత్తే సీట్లో కూర్చోబెట్టారు. మళ్ళీ బండెక్కాలనే పొట్ట కోయించుకున్నాను. నలభై కిలోలు దిగాను. తీరా ఫిట్‌నెస్ టెస్ట్ దగ్గరపడ్డాక ఇదీ సంగతి.

డాక్టరమ్మ ఎముకల స్కాన్ రాసింది. ఇంత చిన్న దెబ్బకు విరగకూడదట.

జూన్ 13

ఎముకలు పల్చబడ్డాయి. పేగు దారి మళ్ళించాక కాల్షియం సరిగ్గా ఒంటబట్టదట. పైగా మోసే బరువు తగ్గేసరికి ఎముక కూడా బద్ధకిస్తుందట. మాత్రలెలా వేసుకుంటున్నావని అడిగింది డాక్టరమ్మ. ఐరన్, కాల్షియం అన్నీ కలిపి పొద్దున్నే ఒక్క గుక్కలో అన్నాను. తల పట్టుకుంది. ఆ రెండూ కలిపి మింగకూడదట.

ఇంటికొచ్చి రిపోర్ట్ బల్ల మీద పడేశాను. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, బీరువాలోంచి తన రిపోర్ట్ తెచ్చి పక్కన పెట్టి చూసింది. ఆవిడకి డెబ్బై దాటాయి, నాకు నలభై. నీకంటే నావే నయమే అంటూ మా ఆయన్ని కేకేసి మరీ చూపించింది. ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వేశాను.

జూన్ 14

ఇక బండి మాట మర్చిపొమ్మన్నాడు మా ఆయన. ఫోన్ల దగ్గర ఏం తక్కువైందన్నాడు. సలహాలు తర్వాత, ముందు పాలు తెచ్చిపెట్టరా అంది అత్తగారు.

ఆగస్టు 2

కట్టు విప్పారు. చెయ్యి పుల్లలా ఉంది. ఫిజియో దగ్గర నేర్చుకుని మెల్లమెల్లగా బరువులెత్తాలంది డాక్టరమ్మ. విరిగిన మనిషిని బరువులెత్తమంటారేమిటన్నాను. ఎత్తితేనే ఎముక గట్టిపడుతుందట.

ఆగస్టు 20

తోడొస్తానంది అత్తగారు. ఒట్టి తోడే అనుకున్నాను. ఎర్ర స్పోర్ట్స్ షూ కొనుక్కుంది! ఫిజియోతో, ముందు నాకు చూపించు నాయనా అంది.

అక్టోబర్ 17

ఒళ్ళంతా నొప్పులు. ప్రొటీన్ పొడి వాసనకే కడుపులో తిప్పుతోంది. తాగాను.

జనవరి 9

స్టేషన్ ఆఫీసర్ పిలిచి, పర్మనెంట్‌గా కంట్రోల్ రూమ్‌కే రాసేస్తానన్నాడు, గౌరవంగా ఉంటుందట. వద్దు సార్, జూలై టెస్ట్‌కి వస్తానన్నాను. నీ ఇష్టం అన్నాడు, ఏమాత్రం ఇష్టం లేని గొంతుతో.

జూన్ 22

రెండో స్కాన్. ఇంకేమీ తగ్గలేదు! వెన్ను దగ్గర పిసరంత పెరిగింది కూడా. అసలు ఆగడమే గెలుపంది డాక్టరమ్మ. టెస్ట్‌కి వెళ్ళమని సంతకం పెట్టింది. మాత్రలూ బరువులూ మాత్రం జన్మంతా.

జూలై 15, సాయంత్రం

నీళ్ళ గొట్టం భుజానేసుకుని ట్రైనింగ్ టవర్ మెట్లన్నీ ఎక్కాను. నిచ్చెన ఎక్కి దిగాను. చివరికి ఆ బొమ్మ. మనిషంత బొమ్మ, నేను దించుకున్న బరువుకి రెట్టింపు. చంకల కింద చేతులేసి వెనక్కి నడుస్తూ ఈడ్చాలి. సగం దూరంలో మణికట్టు చురుక్కుమంది. ఆగాను. కంచె అవతల నుంచి అత్తగారు ఒకటే అరుపు: "పట్టు మార్చుకోవే! మోకాళ్ళు వంచు!" పట్టు మార్చాను. మోకాళ్ళు వంచాను. లాగాను. గీత దాటాక కూడా ఆగలేదు నేను, ఆఫీసరే వచ్చి ఆపాడు. స్టాప్‌వాచ్ రెండుసార్లు చూసుకుని, రేపట్నించి బండి డ్యూటీ అన్నాడు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ, ఎండ బాగా ఉందన్నాడు.

బండెక్కుతున్నాను!

ఆగస్టు 30

పొగ నిండిన మూడో అంతస్తు నుంచి ఒక పెద్దాయన్ని భుజాన వేసుకుని దించాను. మెట్ల పొడుగునా, మెల్లగా అమ్మా, నా ఎముకలు గుల్లబారిపోయాయి అంటూనే ఉన్నాడు.

నావీ అంతే బాబాయ్‌గారూ, గట్టిగా పట్టుకోండి అన్నాను.