బాల్కనీలో తందూరు వెలిగించొద్దు

అందరూ వంటగదిలోకి రండి, అల్లరి ఆపండి. పెద్దమ్మాయి రీమ్ ఈ చీటీ చదువుతుంది, మిగతావాళ్ళు నోరు మెదపకుండా వినండి.

హసీబా, ముందు పని సంగతి. బస్రా నుంచి దుప్పట్లలో చుట్టి పసిబిడ్డలా తెచ్చుకున్న నీ మట్టి తందూరుని బాల్కనీలో వెలిగించొద్దు. తొమ్మిదో అంతస్తులో నిప్పు రాజేస్తే బిల్డింగువాళ్ళు మనల్ని గెంటేస్తారట. ఈ పూటకి పిల్లలకి బజారు రొట్టె పెట్టు.

"మరి నా పెరడేదయ్యా?" అని రాత్రి రాగానే నువ్వడిగితే, తెల్లారాక చూపిస్తానన్నాను. పెరడు లేదు. గుర్రం పరిగెత్తి అలిసిపోయేంత పెరడనీ, దానిమ్మ చెట్లు వంగి నాకు సలాం కొట్టాయనీ చెప్పానే, అవన్నీ కోతలే. ఈ ఇల్లు కొనేముందు నేను ఈ ఊరు వచ్చిన మాట నిజమే. వానగా ఉందని బ్రోకరు ఆఫీసులోనే టీలు తాగుతూ, ఫొటోలు చూసి సంతకం పెట్టేశాను. టర్కీలో సొంతిల్లుంది, వేసవికి వెళ్ళొస్తాం అని నలుగురికీ చెప్పుకునే సంబరంలో నాకు ఒళ్ళు తెలియలేదు. పెరట్లో రొట్టెలు కాల్చుకోవచ్చని నేను ఆశపెట్టబట్టే నువ్వు కొనడానికి సరేనన్నావు. సిగ్గుతో నీ మొహం చూడలేక, నువ్వు లేవకముందే బయల్దేరాను.

కొండ మీది పల్లెలో ఎవరైనా తందూరుకి మూరెడు జాగా ఇస్తారేమో అడిగొస్తాను. ఈసారి కళ్ళారా చూశాకే చెప్తాను.

ఖుదైర్

ఇంకో మాట. తందూరు ఎక్కడ పెట్టుకోవచ్చని కింద అరబ్బీ వచ్చిన వాచ్‌మన్‌ని కూడా అడిగాను. "లిఫ్టులో పెట్టుకోండి బాబాయ్, అన్ని అంతస్తులకీ వేడి రొట్టె అందుతుంది" అన్నాడు.