అరవై రెండు కార్డులు

12 ఫిబ్రవరి 2007
బీడీ కట్ట మీద పుర్రె బొమ్మ ఎయ్యాల్నని సర్కారు ఆర్డరట. పుర్రెను జూసి ఎవడు కొంటడు? కంపెనీ తరఫున మాకు పనిచ్చే టేకేదార్ బాబురావు ఆకు, తంబాకు ఇచ్చుడు బంద్ పెట్టిండు. రోజూ ఏదో వంక పెట్టి నా బీడీలు పిడికెడు పారేసేటోడు, ఇయ్యాల నన్ను సువార్తక్కా అన్నడు. నువ్వు చెప్తేనే పెర్కిట్ ఆడోళ్లు ధర్నాకు కదుల్తరు, లారీ కంపెనీదే అన్నడు.

15 ఫిబ్రవరి
హైవే మీద కూసున్నం. జెండా మా యూనియన్‌ది, పులిహోర పొట్లాలు కంపెనీ సేటువి. నినాదాలు నేనే ఇచ్చిన, గొంతు పోయింది.

యూనియన్ లీడర్ ప్రభుదాసన్న రాలే. కూలి పెంచుమంటే మన మీదికి పోలీసోళ్లను తెచ్చిన సేటు లారీ ఎట్ల ఎక్కినవని సాయంత్రం ఇంటికొచ్చి అడిగిండు. నాకు మండింది. నువ్వు ఆకిస్తవా మరి అన్న. చాయ్ తాగకుంటనే పోయిండు.

19 ఫిబ్రవరి
ఇయ్యాల గూడ గంజే.

22 ఫిబ్రవరి
పీఎఫ్ కార్డులు ఎంతమందికున్నయో ఢిల్లీల చూపియ్యాల్నట, జిరాక్సులు తెమ్మన్నడు బాబురావు. పెర్కిట్‌ల కరెంటు లేదు. అసలువే ఇయ్యి, ఆర్మూర్ల తీపిచ్చి పంపుత అన్నడు. ఇల్లిల్లు తిరిగి అరవై రెండు కార్డులు సంచిల ఏసుకొచ్చిన.

భూమవ్వ ఇయ్యనన్నది. వచ్చే నెల పింఛన్‌కు పెట్టుకోవాలె, ఇరవై రెండేండ్ల చాకిరి దానిమీదనే ఉన్నది అన్నది. యేసయ్య మీద ఒట్టేసి మరీ తీస్కొచ్చిన. బాబురావును రశీదు అడగలే. ఇన్నేండ్లు ఆయనతోని కొట్లాడిన దాన్ని, అక్కా అనంగనే మెత్తవడ్డ.

5 మార్చి
ఆకొచ్చింది! పుర్రె బొమ్మ ఇప్పట్ల లేదట. గల్లీ అంత పండుగ. కార్డులు మాత్రం రాలే.

11 మార్చి
ఏ కార్డులమ్మా అన్నడు బాబురావు. ఇగ కార్డు, పీఎఫ్ లేకుంటనే పని, ఇష్టమున్నోళ్లు ఆకు తీస్కపోండ్రి అన్నడు. అందరు తీస్కపోయిండ్రు. నేను గూడ తెచ్చుకున్న, థూ నా బతుకు. కార్డు నంబర్లు గూడ ఎవ్వరం రాసి పెట్టుకోలే.

14 మార్చి
సిగ్గిడిసి ప్రభుదాసన్న దగ్గరికి పోయిన. లేచి జెండా అందుకున్నడు. కార్ఖాన ముందట కూసున్నం. నేను, అన్న, భూమవ్వ. గంతే. మిగిలినోళ్లు ఇండ్లల్ల బీడీలు చేస్తున్నరు. ధర్నాకొస్తే రేపు ఆకు రాదని భయం. వాళ్లనేమంట? సేటు లారీ ఎక్కిచ్చింది నేనే కదా. వాచ్‌మన్ గేటు గూడ ముయ్యలే.

20 మార్చి
ఒక్కలు గూడ నన్ను తిట్టలే. తిడితే బాగుండు.

23 మార్చి
భూమవ్వ వేళ్లు ఇగ తిరుగుతలేవు. నీ బీడీలు నేనే చేస్త అన్న. ఎన్ని దినాలు చేస్తవే అన్నది. నువ్వు బతికినన్ని దినాలు అన్న. గట్లయితే జల్దీనే పోత తియ్యి బిడ్డా అని నవ్వింది.