పొడుగు కొడుకు, పాలగాజు దీపం

ఈసాల్మి, సెప్టెంబరు 4

వర్కౌస్‌లో ఉండే తైస్తో హైవారినెన్ గారికి, ముక్కూ మొహం తెలియని ఆవ్నె కర్వోనెన్ నమస్కరించి రాయునది ఏమనగా,

పోయిన నెల మా ఊరి పాతసామాన్ల అంగడిలో మీరు కొన్న పాలగాజు దీపం నాది. అంగడి ఇర్యా మీ చిరునామా ఇచ్చింది. నేను ఈమధ్యే చిన్న ఇంటికి మారాను. ఇల్లు మారితే కప్పుకు వేలాడే దీపాలు విప్పి వెంట తీసుకుపోతాం కదా, అలాగే దాన్నీ విప్పి పెట్టెలో పెట్టి, పైన "పాతది, జాగ్రత్త" అని రాశాను. మా ఆడపడుచు హెల్వి మొదటి మాట చదివి అంగడికి పంపేసింది. రెండో మాట దాకా చదివే ఓపిక ఆవిడకు పుట్టుకతోనే లేదు.

ఇప్పుడు నా వంటింటి కప్పుకు కొక్కెం ఒక్కటే ఉంది. నలభై ఏళ్ళు, పైకి నోరు తెరిచి వేలాడే ఆ గాజు గిన్నె కిందే తిన్నాం. మా అబ్బాయి ఔలిస్ రెండు మీటర్ల పొడుగు. బల్ల దగ్గర లేచినప్పుడల్లా తల దానికి కొట్టుకుంటాడు. అది ఊగకపోతే నాకు భోజనం అయినట్టే ఉండదు. దయచేసి తిరిగి ఇవ్వండి.

ఇట్లు
ఆవ్నె

తా.క. దాన్ని కడగకండి. నేను చదివింది తక్కువ. ఉత్తరంలో తప్పులుంటే అవి మాత్రం తుడిచేసుకోండి.

వర్కౌస్, సెప్టెంబరు 11

ఆవ్నె కర్వోనెన్ గారికి,

దీపం నేను కొన్నాను, తగిలించేశాను. నిచ్చెన దిగేసరికి నడుం పట్టేసి నాలుగు రోజులు కుర్చీకి అతుక్కుపోయాను. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినా రాని నొప్పి అది. మళ్ళీ ఎక్కను.

మీ అబ్బాయి రెండు మీటర్లంటున్నారు. అతనికి నిచ్చెన కూడా అక్కర్లేదు. వచ్చి విప్పుకుపొమ్మనండి, ఇస్తాను. అంత పొడుగు మగాడు అమ్మచేత ఉత్తరాలు రాయించడమేమిటి?

ఇట్లు
తైస్తో హైవారినెన్

తా.క. దీపం వేస్తే గాజులోంచి నల్లగా చుక్కలు కనబడుతున్నాయి. చచ్చిన ఈగలనుకుంటాను. కడగొద్దన్నారంటే, ఈగల మీద అంత ప్రేమా?

ఈసాల్మి, సెప్టెంబరు 19

తైస్తో గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మావాణ్ణి ఎవరైనా ఇలా దులిపి చాలా రోజులైంది. ఈమధ్య అందరూ వాడి పేరెత్తితే గొంతు తగ్గిస్తున్నారు. వాడికీ చదివి వినిపించాను. "ఆ ముసలాయన్నే కాస్త పొడుగు పెరగమను" అని నవ్వాడు. రమ్మంటే రాడు. ఆ మొండితనం వాళ్ళ నాన్నది, నాది కాదు. మీరు ఇంకొంచెం గట్టిగా రాయండి, మళ్ళీ వినిపిస్తాను.

మీ నడుముకు ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. నడుముకు మేజోళ్ళేమిటనకండి. కాళ్ళు వెచ్చగా ఉంటే నడుము సణగదు.

ఇట్లు
ఆవ్నె

తా.క. మేజోళ్ళు కాస్త పెద్దవి. మావాడి కొలతకు అల్లాను. ఈ చలికాలం వాడికి అక్కర్లేదట.

వర్కౌస్, అక్టోబరు 2

ఆవ్నె గారూ, ఇది మీకు కాదు, మీ అబ్బాయికి. గట్టిగా చదివి వినిపించండి.

ఒరేయ్ పొడుగోడా, నా నడుం వద్దన్నా నిచ్చెనెక్కి గిన్నె దించాను. అవి ఈగలు కావు. కిస్‌మిస్ పళ్ళు. పదకొండు. రాళ్ళలా ఎండి అడుగున అతుక్కుపోయి ఉన్నాయి. కార్జం, అన్నం కలిపి ఓవెన్లో కాల్చే వంటకంలోవి అయుంటాయి, అందులో తప్ప ఇన్ని ఎవరు వేస్తారు? అమ్మ అటు తిరగ్గానే బొటనవేలితో దీపంలోకి ఎగరగొట్టేవాడివి, అవునా? ఇంత గురి ఉన్నవాడివి ఒక బస్సెక్కి వర్కౌస్ రాలేవా? నీకంటే నా పిల్లి నయం, పిలిస్తే వస్తుంది.

ఇట్లు
నడుంనొప్పి ముసలాయన

తా.క. ఆవ్నె గారూ, మేజోడులో నా కాలు పోను ఇంకా చోటుంది. రెండోదాంట్లో పిల్లి కాపురం పెట్టింది.

ఈసాల్మి, అక్టోబరు 10

తైస్తో గారూ, కూర్చుని చదవండి.

మా ఔలిస్ లేడు. ఫిబ్రవరిలో మంచు మీద కారు జారి పోయాడు. నలభై నాలుగేళ్ళు వాడికి. మీరు తెలియక వాణ్ణి రమ్మన్నారు. వాణ్ణి రమ్మనే మనిషి ఒకరు ఇంకా ఉన్నారని, ఆ మాట కాదనబుద్ధి కాలేదు. అబద్ధమాడాను, క్షమించండి.

ప్రతి గురువారం తినడానికి వచ్చేవాడు. పళ్ళెం నాకేసినట్టు ఉండేది. వాడికి కిస్‌మిస్ ప్రాణమనుకుని ప్రతిసారీ ఇంకో గుప్పెడు ఎక్కువే వేసేదాన్ని. క్రిస్మస్ ముందు దీపం దించి కడిగేదీ వాడే, నన్ను నిచ్చెన ముట్టనిచ్చేవాడు కాదు. ఎంత బాధ్యత గల కొడుకో అని మెట్ల మీద కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను.

అంటే ఆ పదకొండూ కిందటి క్రిస్మస్ తర్వాతవి. వాడి చివరివి. మీ ఉత్తరం చదివి వంటింట్లో ఒక్కదాన్నే పడిపడి నవ్వాను, ఫిబ్రవరి తర్వాత మొదటిసారి. ఆ తర్వాత ఏడ్చాను, అది రోజూ ఉండేదే.

దీపం అడిగే మొహం నాకు లేదు, మీరే ఉంచుకోండి. ఆ పదకొండు మాత్రం అగ్గిపెట్టెలో పెట్టి పంపండి.

ఇట్లు
ఆవ్నె

తా.క. దొంగవెధవ. మిమ్మల్ని కాదు.

వర్కౌస్, అక్టోబరు 15

ఆవ్నె గారూ,

నాకు తెలుసు.

మీ రెండో ఉత్తరం రాగానే ఈ పొడుగోడి సంగతేమిటో తేల్చుకుందామని ఇర్యాకు ఫోన్ చేశాను. చెప్పింది. ఓదారుస్తూ రాద్దామని కూర్చుంటే నాలుగు కాగితాలు పాడయ్యాయి. మీ ఉత్తరం మళ్ళీ తీసి చూస్తే, వాడు నవ్వాడని ఉంది, ఇంకా గట్టిగా రాయమని ఉంది. ఓదార్చడం నాకు రాదు. తిట్టడం వచ్చు. అందుకని తిట్టాను.

అగ్గిపెట్టె పంపను. పదకొండింటినీ గిన్నెలోనే ఉంచి, కడగకుండా, శనివారం తొమ్మిదింటి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెస్తున్నాను. కాఫీ సిద్ధంగా ఉంచండి. నిచ్చెన కూడా.

ఇట్లు
తైస్తో

తా.క. ఆ కార్జం వంటకమే చేస్తారని తెలుసు. కిస్‌మిస్ నాకూ పడదు. అందుకని ముందు దీపం తగిలించనివ్వండి, ఆ తర్వాతే వడ్డించండి.