మగ్గం గుంటకు ఊక గోడలు

మా అమ్మ పేరమ్మ కాళ్లు పడిపోయింది వాతం వల్ల కాదు, మీ వల్ల. ఈ కాగితం చదవబోతున్న నేతపేట పెద్దలారా, మా అన్నయ్యా, మిమ్మల్నే అంటున్నాను. మగ్గం గుంట తడిగా ఉంటేనే పోగు తెగదని మీరు చెప్పారు, మా నాన్న నమ్మాడు. రోజూ పొద్దున్నే గుంట గోడల మీద రెండు బిందెల నీళ్లు చల్లి, ఆ చెమ్మలో అమ్మ చేత కాళ్లు పెట్టించాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆవిణ్ణి పెరట్లోకి ఎత్తుకెళ్లాల్సి వచ్చింది. పోగులు మాత్రం బాగానే ఉన్నాయి.

గుంటూరు జిల్లా చీరాల కాపురస్తుడు, కీర్తిశేషులు గోలి గురవయ్య గారి రెండో కుమారుడు, గోలి శ్రీమన్నారాయణ అను నేను, యాభై రెండేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నాకు జబ్బేమీ లేదు. మరి ఇప్పుడెందుకంటే, మొన్న మా అన్నయ్య రాఘవులు నలుగురిలో అన్నాడు: "ఒరేయ్, నువ్వు పోయిన మర్నాడే ఆ ఇటుకలు పీకించి, నాన్న గుంటని మళ్లీ నాన్న గుంటలాగా చేస్తానురా." నాకు కొడుకు లేడు గనక నా వాటా తన చేతికే వస్తుందని ఆయన ధీమా. అన్న మాట చేసే మనిషి కూడాను.

1. అన్నదమ్ముల పంపకంలో నాకు వచ్చిన తూర్పు గది, అందులోని గుంట మగ్గం, గుంట గోడలతో సహా, నా కూతురు మల్లేశ్వరికి. దానికి పదిహేడేళ్లు, నిరుడే మగ్గమెక్కింది. "ఆడపిల్లకి మగ్గమేంట్రా?" అన్నాడు అన్నయ్య. అమ్మ ఇరవై ఏళ్లు నేసినప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ తోచలేదే!

2. గోడల సంగతి రాసిపెడుతున్నాను, రేపు తెలియదనకుండా. మొదట నేనూ తప్పు చేశాను. వానాకాలంలో తడి మట్టి మీదే తారు పూశాను. నెల తిరక్కుండా పొక్కులు లేచి రాలిపోయింది. అన్నయ్య పేటంతా తిరిగి చెప్పాడు. తాపీ మేస్త్రీ నన్నే సాహెబ్ వచ్చి, "తడి లోపల పెట్టి మూతేస్తే అది ఎటు పోద్ది నారాయణా? ఎండలు రానీ" అన్నాడు. 1956 ఎండాకాలంలో గది కప్పు తాటాకు దింపి, గుంటను నెల్లాళ్లు ఎండబెట్టాం. అడుగునా చుట్టూ ఒక వరస ఇటుక, దాని మీద తారు. బెత్తెడు సందు వదిలి లోపల మరో వరస ఇటుక. ఆ సందు నిండా పొడి ఊక, చెదలు పట్టకుండా కాస్త బూడిద. అంతే.

3. ఏడు వానాకాలాలు గడిచాయి. పోగుకు చెమ్మ కావాలి, ఎవరు కాదన్నారు? అది పోగు దగ్గర ఉండాలి గానీ మోకాళ్ల దగ్గర ఎందుకు? పడుగు పక్కన తడి గోనె వేలాడదీశాను. రోహిణీ కార్తెలో కూడా పోగు నిలిచింది. తొక్కుడు చెక్కలకు బూజు లేదు, గుంటలో తేలు లేదు. నా భార్య రాఘవమ్మ పొద్దున మగ్గమెక్కి, మధ్యాహ్నం తన కాళ్ల మీద తను లేచి నడిచి వస్తోంది. ఇంతకంటే రుజువు కావాలంటే మీరే వచ్చి మా గుంటలో కాళ్లు పెట్టండి.

4. నా వాటాలో మిగిలిన ఇల్లు రాఘవమ్మ బతికున్నన్నాళ్లూ ఆమెది, తర్వాత మల్లేశ్వరిది. "మా ఆయన గోడలకి దుప్పటి కప్పాడు గానీ నాకు కప్పలేదమ్మా" అని ఆవిడ అందరికీ చెప్పి నవ్వుతుంది. కనక నేను నేసిన ఎర్రంచు దుప్పటి ఆవిడకే.

5. పొడి గుంటలో నేసిన మొదటి లుంగీ పెట్టెలో దాచాను. అది నన్నే సాహెబ్‌కు.

6. పెరట్లో పేర్చిన ఇటుకలు, తారు డబ్బా, పొన్నూరు మిల్లు నుంచి తెప్పించిన ఊక బస్తాలు మా అన్నయ్యకు. ముసురు పట్టినప్పుడల్లా ఆయన "నీ అంచు ఎట్టా వచ్చిందో చూద్దామని" అంటూ వచ్చి, నా మగ్గం మీద కూర్చుని, గంటసేపు నా గుంటలో కాళ్లు పెట్టుకుంటాడు. అంచు వైపు ఒక్కసారీ చూడడు. నేను ఏమీ ఎరగనట్టు టీ తెప్పిస్తాను. ఆయన మోకాళ్లు అచ్చం అమ్మ మోకాళ్లలా ఉబ్బుతున్నాయి.

7. ఇవన్నీ అమలు జరిపే బాధ్యత మా పేట బడిలో చెప్పే పేరయ్య మాస్టారుది. ఆయనకు నేనేమీ ఇవ్వను. ఆయనకు నాతో వాదించడమే ఇష్టం, అది ఇప్పటికే బోలెడు ఇచ్చాను.

కోపంగా రాశానే గానీ, నిజానికి నేను సుఖంగా ఉన్నాను. పక్కగదిలో మల్లేశ్వరి నేస్తోంది, ఆ చప్పుడు వింటూనే రాస్తున్నాను.

నా డిమాండ్లు:

మల్లేశ్వరి గుంటలో ఒక్క ఇటుక కదపకూడదు.

ఈ ఇంట్లో ఏ గుంటలోనూ నీళ్లు చల్లకూడదు.

ఊక తడిస్తే ఆ వెంటనే వచ్చే ఎండాకాలంలోనే మార్చాలి.

పేటలో ఎవరు అడిగినా ఈ పని చేసే తీరు చెప్పాలి, దాచకూడదు.

అన్నయ్య తన పడమటి గది గుంటకు గోడలు కట్టించుకోవాలి. దీనికి నా చావు కోసం ఆగడానికి వీల్లేదు. వచ్చే వైశాఖంలోనే మొదలుపెట్టాలి. మట్టి తవ్వడానికి నేనూ దిగుతాను.

చీరాల, 1963 ఫిబ్రవరి 18

(సం.) గోలి శ్రీమన్నారాయణ

సాక్షులు:
బాపయ్య, వడ్రంగి
బుడాన్ సాహెబ్, అద్దకం పని