కూర్చుంటే తన్నే బిడ్డ

అమ్మా,

నా కడుపులో బిడ్డ ఇవాళ రాతి పలకలు కోసే మా కొట్టంలో అందరి పనీ ఆపించింది. పొద్దున్నుంచీ కదలిక లేదు. భయమేసి పక్కనే పలకలు రుద్దుతున్న మా అత్తకు చెప్పాను. ఆమె లేచి, "రంపాల రొదకు బిడ్డ జడుసుకున్నట్టుంది, ఆపండి నాయనా" అని అందరినీ బతిమాలింది.

మేస్త్రీ ఊరుకోలేదు. "మద్రాసు సరుకు ఈపొద్దే బండెక్కాల. పనికొచ్చినారా, పురిటికొచ్చినారా?"

"నిన్ను మీ అమ్మ కనలేదా, గనిలో తవ్వి తెచ్చుకునిందా?" అన్నాను.

రంపాలు ఆగాయి. ముందుకూ వెనక్కీ ఊగుతూ పలక రుద్దుతున్న నేనూ ఆపి, గోడకు ఆనుకున్నాను. కాసేపటికే లోపల ఒకటే తన్నులు. నా ఊపుకే అది ఇంతసేపూ నిద్రపోయింది.

అత్త నా పొట్టమీద చెయ్యి పెట్టి చూసి, "మనం పన్జేస్తాంటే నిద్రపోతాడు, కూసుంటే తంతాడు. వీడు పుట్టకముందే మేస్త్రీ అయినాడే" అంది. మేస్త్రీ తప్ప అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. నీ కడుపులో నేనెప్పుడు పడుకునేదాన్నో, ఎప్పుడు తన్నేదాన్నో అడగాలనిపించింది. అది నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చెప్పకుండానే చచ్చిపోయావు. నాకు కోపంగా ఉంది.