ముట్టని చెంబు

సుంకులమ్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ కిడ్నీలు చూసిన కర్నూలు డాక్టరు, ముందుగా తాగే నీళ్లు మార్చమన్నప్పటి నుంచి, మన బోరు నీళ్లు పరీక్ష చేయండని నీళ్ల ఆఫీసు చుట్టూ తిరిగాను. అప్పుడు రానివాళ్లు ఈ రోజు వచ్చారు. హంద్రి ఏటి ఒడ్డు బోర్లన్నీ చూస్తున్నారట. వీధంతా తాగే మన బోరు కాసేపు ఆడించి, సీసాలు ఆ నీళ్లతోనే కడిగి, నింపి, చీటీలు అంటించారు.

ఎండన పడి వచ్చినవాళ్లను నువ్వు ఊరికే పంపవు కదా. నీ ఇత్తడి చెంబు తోమి, అదే నీళ్లు ముంచి ఇచ్చాను.

"వద్దులే పెద్దాయనా, మాకుండాయి," అని వాళ్లలో పెద్ద సారు సంచిలోంచి కొన్న నీళ్ల సీసా తీశాడు.

"రిపోర్టు వచ్చేదాకా మేమేం తాగాల సారూ?"

"ఇన్నేండ్లు తాగినారు కదప్పా, ఇంకో నెల తాగితే ఏమైతాది?" అని నవ్వాడు.

జీపు కదలగానే ఆ చెంబెడు నీళ్లు దాని వెనక విసిరికొట్టాను. మోటారు ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను.

సాయంత్రం వీధంతా బిందెలతో వచ్చింది.

"ఏమప్పా, తాగే నీళ్లు ఆపుతావా? సుంకులమ్మక్క ఉంటే ఇట్ల చేసుండునా?" అని పక్కింటి మాబున్నీ అరిచింది.

"మీ అక్క ఈ నీళ్లు తాగే కదా పోయింది," అన్నాను.

మాబున్నీ బిందె కింద పెట్టేసింది.

రేపు పొద్దున అందరం ఆ ఆఫీసుకు పోతున్నాం. తొట్టిలో మిగిలిన నీళ్లు నీ చెంబు నిండా ముంచి పెట్టాను. ఆ సారు అవి తాగితేనే ఫ్యూజులు మళ్లీ పెడతాను.